నాలుగో అధ్యాయం ఎవరి పేరు మీద

కోవిల్‌పట్టిలో ఏడున్నర బస్సెక్కి విరుదునగర్‌లో దిగే పాండిసెల్విని చూసి, ఈమె యూనివర్సిటీలో పాఠాలు చెప్పే డాక్టరమ్మ అని ఎవరూ అనుకోరు. భుజానికి గుడ్డసంచి, అందులో అన్నం డబ్బా, విద్యార్థుల పేపర్లు. కిటికీ పక్క సీటు దొరికిందా, సాత్తూరు వచ్చేలోపు నాలుగు పేపర్లు దిద్దేస్తుంది. దొరకలేదా, పక్కనున్న ఆడమనిషితో మాట కలుపుతుంది. ఆమె పరిశోధనలో సగం ఆ బస్సులోనే పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

"ఏ డిపార్ట్‌మెంటు?" అని ఎవరైనా అడిగితే "మహిళా అధ్యయనం" అంటుంది. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "అంటే, కుట్టుమిషను నేర్పుతారా?" పదహారేళ్ళుగా అదే ప్రశ్న! మొదట్లో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు నవ్వేసి, "కుట్టు నేర్పం. కుట్టిన గంటలు ఎవరి లెక్కలో పడ్డాయో అడగడం నేర్పుతాం" అంటుంది. అడిగినవాళ్ళు మెల్లగా కిటికీలోంచి బయటికి చూస్తారు.

డిపార్ట్‌మెంటంటే పెద్ద భవనం ఏమీ ఊహించుకోకండి. ఒకప్పుడు కెమిస్ట్రీ వాళ్ళు సీసాలు దాచుకున్న రెండు గదులు. వాన పడితే ఇప్పటికీ ఏదో ఘాటు వాసన వస్తుంది. ఈ ఏడాది పదకొండుమంది విద్యార్థులు. నర్సింగ్ చదివిన కార్తిక, లా చదివినవాళ్ళు ఇద్దరు, ఎకనామిక్స్ వాళ్ళు, చరిత్ర వాళ్ళు, వ్యవసాయం చదివి దారి తప్పి వచ్చిన కుమరేశన్. తలా ఒక దిక్కు నుంచి వచ్చినవాళ్ళకి పాండిసెల్వి ఇచ్చే మొదటి పని ఒక్కటే. ఇంట్లో ఒక ఆడమనిషి వెంట పొద్దున్నించీ ఉండి, గంటగంటకూ ఏం చేస్తోందో రాసుకు రావాలి. ఆమె చెప్పింది కాదు, కళ్ళతో చూసింది రాయాలి. "మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది మేడం, పనేం చేయదు" అని వెళ్ళిన కుమరేశన్ ఆరు పేజీల నిండా రాసుకొచ్చాడు. ఏడో పేజీలో ఒక్కటే వాక్యం: "నాకు నిద్ర ముంచుకొచ్చి పడుకున్నాను. అమ్మ ఇంకా పడుకోలేదు." దానికి పాండిసెల్వి పూర్తి మార్కులు వేసింది. వేయదా మరి!

ఆమె కూడా అలాంటి ఇంటి నుంచే వచ్చింది. కోవిల్‌పట్టి పక్క ఊళ్ళో వాళ్ళమ్మ అగ్గిపెట్టె ఆఫీసుకి పోయేది. అక్కడ ఫ్యాక్టరీని ఆఫీసనే అంటారు. ఇంట్లో మాట తెలుగు ('నిజమే' అనేదాన్ని 'నిజందా' అనే తెలుగు), గడప దాటితే తమిళం, డిగ్రీలకి ఇంగ్లీషు. ఒకసారి హైదరాబాదు సెమినారుకి పోయి ఇంటి తెలుగులో రెండు మాటలు మాట్లాడితే, అక్కడి ప్రొఫెసరమ్మ చెయ్యి పట్టుకొని, "అచ్చం మా అమ్మమ్మ మాట విన్నట్టుంది" అంది. మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేలలేదు గానీ, రాయడం రాని ఆ ఇంటి తెలుగే పాండిసెల్వి చేతిలో పెద్ద పనిముట్టు.

ఎలాగంటే, ఆమెకో పద్ధతి ఉంది. ఇంటర్వ్యూ తీసుకుని, తమిళంలో అధ్యాయం రాశాక, అచ్చుకి పోకముందు ఆ కాగితాలు పట్టుకొని ఆ మనిషి ఇంటికే పోతుంది. ఎదురుగా కూర్చొని, వరసగా ఇంటి తెలుగులోకి మార్చి చదివి వినిపిస్తుంది. "అట్ల కాదు" అని వాళ్ళంటే కొట్టేస్తుంది. ఇంత చాకిరీ ఎవరు చేస్తారని తోటివాళ్ళు నవ్వుతారు. "వాళ్ళ బతుకు రాసి, వాళ్ళకే తెలియకుండా అచ్చేయిస్తే దాన్ని దొంగతనం అంటారు, పరిశోధన అనరు" అంటుంది ఈమె. ఆ ముక్కుసూటితనం వల్ల స్నేహితులు తక్కువే.

ఇళ్ళలో కూర్చొని అగ్గిపుల్లలు పేర్చే ఆడవాళ్ళ గురించి రాయడానికి ఆమె నాలుగేళ్ళు తిరిగింది. గాట్లున్న పలకల మీద ఒక్కొక్క పుల్లా పరిచి, పలక మీద పలక ఎక్కించి, చట్రం బిగించి ఇచ్చే పని అది. యంత్రాలొచ్చి చాలావరకు తగ్గిపోయింది గానీ, ఒకటి రెండు చిన్న ఆఫీసులు ఇంకా ఇళ్ళకి చట్రాలు పంపుతూనే ఉన్నాయి. ముప్పై ఒక్కమందితో మాట్లాడి, అందరికీ పేర్లు మార్చి పుస్తకం సిద్ధం చేసింది. డిపార్ట్‌మెంటు నుంచి రాబోయే మొదటి పుస్తకం. అందులో నాలుగో అధ్యాయమే గుండెకాయ. అది ఒకే మనిషి కథ, అళగమ్మాళ్ కథ.

యాభై ఎనిమిదేళ్ళ అళగమ్మాళ్ పాండిసెల్వికి అక్క వరస కాదు, చుట్టమూ కాదు. కానీ నాలుగేళ్ళలో అంతకంటే ఎక్కువైపోయింది. మొగుడు చెల్లయ్య తూత్తుకుడి ఉప్పు మడుల్లో పని చేసి ఆదివారాలు వస్తాడు. ఇంట్లో అళగమ్మాళ్, మంచంలో ఎనభై నాలుగేళ్ళ అత్త. పాండిసెల్వి పోయినప్పుడల్లా వేరుశనక్కాయ పచ్చడి, రాగి సంకటి. వద్దంటే ఊరుకునే మనిషి కాదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పాండిసెల్వి వసారాలో కూర్చొని నాలుగో అధ్యాయం తీసింది. అళగమ్మాళ్ పుల్లలు పేరుస్తూనే చెవొగ్గింది. పాండిసెల్వి గొంతు సవరించుకొని గట్టిగా చదివింది: "గురువమ్మాళ్‌కి యాభై ఎనిమిదేండ్లు."

లోపలి నుంచి ఖంగుమని ఒక గొంతు. "ఆఁ! ఎవురది నన్ను పిలిచేది?"

అళగమ్మాళ్ చెయ్యి పలక మీదే ఆగిపోయింది.

జరిగిందేమిటో చెప్పాలంటే ఆ ఇళ్ళ సంగతి చెప్పాలి. కోడలు అత్త పేరు పలకదు. ఊరు దాటినా, అత్త పోయినా పలకదు. ముప్పై ఒక్క ఇంటర్వ్యూల్లోనూ "అత్త", "ఆయమ్మ" అనే మాటలే తప్ప ఒక్క అత్త పేరూ లేదు. మారు పేర్లు పెట్టేటప్పుడు పాండిసెల్వి, కార్తిక కలిసి ప్రతి పేరూ వెతికి చూశారు. రాసుకున్న కాగితాల్లో ఎక్కడా లేని పేరైతేనే వాడారు. అళగమ్మాళ్‌కి మారు పేరుగా పెట్టిన గురువమ్మాళ్ ఆమె అత్త పేరే, అయినా కాగితాల్లో ఎక్కడా కనబడలేదు. ఎలా కనబడుతుంది! పలికితే కదా! దీపం కింద చీకటంటే ఇదే. ఈ ఆచారం గురించి క్లాసులో గంటసేపు పాఠం చెప్పే మనిషి, సొంత అత్త పేరు తనే ఇప్పటిదాకా పలకని మనిషి, ఆ సంగతే మరిచిపోయింది.

"అయ్యో అక్కా, తెలియక పెట్టినా" అంది పాండిసెల్వి, ముఖం పాలిపోయి. "నవ్వకు అక్కా, మార్చేస్తా."

అళగమ్మాళ్ నవ్వడం లేదు. పుల్లలు ఒక పక్కకి తోసి లేచింది. "నవ్వేదానికి ఏముండాది టీచర్? నేను వచ్చినప్పుడు ఆఫీసు కార్డు ఆయమ్మ పేరు మీద ఉన్నింది. ఆయమ్మ కూర్చున్న చోట నన్ను కూర్చోబెట్టినారు. పేరు మార్చలే. ముప్పై ఆరేండ్లు పేర్చింది నేను, కార్డులో ఆయమ్మ పేరు. ఆఫీసు వెళ్ళివిళా అని పండగ చేసి, ఇరవై ఐదేండ్లు బాగా పని చేసినవాళ్ళకి మాల వేసినారే, ఆ మాల యారికి? ఆయమ్మకిదా. నేను కింద నిలబడి చప్పట్లు కొట్టినా. ఇప్పుడు నువ్వు వచ్చి నాలుగేండ్లు నా కత విని, నువ్వు కూడా ఆయమ్మ పేరే రాసినావా?"

సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఆ మాట ఒక బతుకంత పొడుగున ఎదురుగా నిలబడితే వినేవాళ్ళకి తల ఎత్తబుద్ధి కాదు. పాండిసెల్వి తల దించుకుంది.

"వేరే పేరు పెడతా అక్కా. నువ్వే చెప్పు ఏం పేరో."

"ఇంగొకరి పేరు యాల? నాకి పేరు లేదా?" అంది అళగమ్మాళ్. "నా పేరు రాస్తే రాయి. లేదంటే నా కత తీసెయ్."

ఆ సాయంత్రం బస్సులో పాండిసెల్వి ఒక్క పేపరూ దిద్దలేదు.

సొంత పేర్లు వాడాలంటే యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. దానికి పెద్ద వెంకటసామి సార్. స్టాటిస్టిక్స్ మనిషి, చాదస్తం గానీ చెడ్డవాడు కాదు. పాండిసెల్వి చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పేరు దాచేది వాళ్ళని కాపాడడానికేనమ్మా. సరే, ఆమె తన పేరే కావాలంటోంది, రాసి ఇస్తుంది, మంచిది. మరి అత్తగారి సంగతి? కోడలి అసలు పేరు వేశాక ఆ అత్త ఎవరో ఊరంతా గుర్తుపడుతుంది. ఒకరి పనికి తన పేరు పెట్టుకుందని అచ్చులో ఉంటుంది. ఆమె బతికే ఉంది. ఆమెకి చదివి వినిపించి, ఆమె కూడా ఒప్పుకుంటేనే నేను సంతకం పెడతాను. జూన్ మొదటి వారానికి ప్రెస్సుకి పోవాలి కదా, ఆలోగా చూడు."

కోపం తెచ్చుకుందామంటే ఆయన మాటలో తప్పు దొరకలేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

అళగమ్మాళ్‌కి చెబితే రెండు చేతులూ అడ్డం ఊపింది. "ఆయమ్మని అడగద్దు టీచర్. నీకి దండం. చదివేసి నువ్వు బస్సెక్కి పోతావు. నేను ఆయమ్మతో ఒక కప్పు కింద ఉండాల. కూడు పెట్టాల, నీళ్ళు పొయ్యాల. ఆ నోరు నువ్వు చూడలే."

"అయితే అడగను అక్కా. నువ్వు సరే అనేదాకా ఒక్క మాట అడగను" అంది పాండిసెల్వి.

చెప్పడం చెప్పింది గానీ, లోపల ఒకటే పీకులాట. నిజం చెప్పాలంటే ఆ అధ్యాయం ఆమెకీ కావాలి. అది లేని పుస్తకం ఉప్పు లేని పప్పు. "తీసేద్దాం మేడం, మిగతా ముప్పైమంది ఉన్నారు కదా" అని కార్తిక అంటే కసిరింది. కసిరినందుకు మళ్ళీ తనే టీ తెప్పించి ఇచ్చింది. తనకోసం బాధపడుతోందా, అళగమ్మాళ్ కోసమా అని తనని తానే నిలదీసుకుంది. రెండూ అని తేలింది. మేలో క్లాసులు అయిపోయాయి, కాన్పు వార్డులో పనిచేసే నర్సుల మీద కార్తిక రాసిన వ్యాసం దిద్దింది, ఫైళ్ళు సర్దింది. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

మే ఆఖరి వారంలో మోగింది. అళగమ్మాళే.

"టీచర్, ఇంగ నా వల్ల కాదు. ఆ దినం నువ్వు చదివింది విన్నాది గదా ఆయమ్మ, అప్పట్నించీ 'నన్ను గురించి పుస్తకం వస్తాది, నా పేరు అచ్చేస్తారు' అని వచ్చేవాళ్ళకి పోయేవాళ్ళకి చెప్తా ఉండాది. పక్కింటి పాలాయమ్మకి చెప్పినాది, పేచ్చిముత్తుకి చెప్పినాది. నిన్న నన్నే పిలిచి, 'టీచర్ ఎప్పుడు వస్తాది, నా కత మిగిలింది చదవాల గదా' అంటాది! రొంబ సంతోషంగా ఉండాది. నా కడుపు కాలిపోతా ఉండాది. వచ్చి చదివెయ్. ఏమైనా కానీ. నేను పొయ్యి కాడ ఉంటా, నా ముఖం చూడద్దు."

పాండిసెల్వి మరుసటి ఉదయమే పోయింది. గురువమ్మాళ్‌కి తల దువ్వి, ఉతికిన చీర కట్టి, మంచం మీదే గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఆ దువ్విందీ కట్టిందీ ఎవరో వేరే చెప్పాలా! ముసలామెకి చూపు ఆనదు గానీ పాము చెవులు. "దా పిల్లా, కూర్చో. నా కత చదువు" అంది హుషారుగా.

"అవ్వా, ఇది నీ కత కాదు" అంది పాండిసెల్వి. "నీ కోడలి కత. నేను తప్పుగా నీ పేరు పెట్టినా. ఇప్పుడు సరి చేసి చదువుతా. నువ్వు విని, అచ్చెయ్యమంటే వేలిముద్ర పెట్టు, వేస్తాం. వద్దంటే చించేస్తాం."

ముసలామె ముఖంలో హుషారు చప్పున చల్లారింది. కొంగు సర్దుకొని, "చదువు" అంది.

పాండిసెల్వి చదివింది. కోడలు నాలుగింటికి లేస్తుందని చదివితే, "నాలుగా? నీళ్ళ లారీ వచ్చేదే మూడున్నరకి గదా, మూడింటికి లేస్తాది" అని ముసలామె సరిదిద్దింది. పాండిసెల్వి అంచున రాసుకుంది. కార్డు సంగతి వచ్చింది. మాల సంగతి వచ్చింది. పాండిసెల్వి ఒక్క మాటా మింగలేదు.

"నిజందా" అంది ముసలామె. "ఆ దినం నా పేరు పిలిచినారు, పోయినా. ఇది నా కోడలు పని అని చెప్దామనుకొనిదా మెట్లు ఎక్కినా. మెళ్ళో మాల పడినాక నోరు రాలే. దిగినాక కూడా రాలే. ఇంగ ఏముండాది, చదువు."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. పాండిసెల్వి తర్వాతి పేజీ తిప్పింది. "కూతురు పుట్టినప్పుడు మూడు నెలలు అళగమ్మాళ్ చట్రం ముట్టుకోలేదు. ఆ మూడు నెలలూ అత్తే కూర్చొని పేర్చింది, కోడలిని లేవనియ్యలేదు."

"ఆగు" అంది గురువమ్మాళ్. "ఎవురు చెప్పింది నీకి అది?"

"అక్కే చెప్పింది, అవ్వా."

"అబద్ధం. మూడు నెలలు యాడ! పదకొండో దినం నేనే చట్రం తీసుకొచ్చి దాని ముందర పెట్టినా. బిడ్డని ఒడిలో పెట్టుకొనిదా పేర్చినాది. నాకి తెలుసు గదా, పెట్టింది నేను గదా."

అళగమ్మాళ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, గరిటె చేతిలోనే ఉంది. "అత్తా, అదంతా ఇప్పుడు యాలత్తా" అని, పాండిసెల్వి వైపు తిరిగి, తప్పు చేసి దొరికినట్టు గొంతు తగ్గించింది. "అంత పెద్ద కతలో ఆయమ్మ గురించి ఒక్క మంచి మాటైనా ఉండాల గదా టీచర్. అందుకే అట్ల చెప్పినా."

"నువ్వు ఊరికే ఉండు, అళగమ్మా" అని ముసలామె గదమాయించింది. "నా మీద జాలిపడి నీ పని నువ్వే తగ్గించుకుంటావా? టీచర్, మూడు నెలలు కొట్టెయ్. పది దినాలని రాయి."

పాండిసెల్వి కొట్టేసింది. పది దినాలని రాసింది. ముప్పై ఆరేళ్ళుగా ఆ నోట "ఏమ్మే", "ఇందా" తప్ప ఇంకో పిలుపు వినని అళగమ్మాళ్, ఇవాళ తన పేరు విని, కొంగుతో ముఖం కప్పుకొని వెక్కివెక్కి ఏడ్చింది. పాండిసెల్వికీ కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని చూడనూ లేదు. ముసలామె మాత్రం వీళ్ళ ఏడుపుతో తనకేం పని లేనట్టు, మంచం మీంచి బొటనవేలు ముందుకి చాచి, "వేలిముద్ర యాడ పెట్టాల, చూపించు" అంది.